గేట్ల వెనక కొండల్లో పిల్లలతో ఎల్క్ వేట: ప్లాన్ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా ముగించాలి

ఒక ఆడ ఎల్క్ (జింకల్లో ఒక పెద్ద జాతి) దొరికితే, ఎముకలన్నీ తీసేశాక కూడా దాదాపు 70, 80 కిలోల మాంసం ఉంటుంది. 40 కిలోల బరువున్న పన్నెండేళ్ళ పిల్లాడు కొండ మీద సురక్షితంగా మోయగలిగేది మహా అయితే 4 నుంచి 6 కిలోలు. మిగతాది ఎవరు మోస్తారు? ఎంత దూరం? ఎంత వాలు మీద? అనుమతి ఉన్నవాళ్ళనే లోపలికి పంపే ఆ అడవి గేటు ఎన్నింటికి మూస్తారు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికాకే రైఫిల్ గురించి, బూట్ల గురించి, ఎల్క్ ఎక్కడ పడుకుంటుందన్న దాని గురించి ఆలోచించాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అందుకే ఈ మార్గదర్శి వెనక నుంచి ముందుకు నడుస్తుంది.

ఇక్కడ చెప్పేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం గురించి, అందులోనూ కాస్కేడ్ కొండల పడమటి వైపు గురించి. రెడ్మండ్, సమామిష్, బోథెల్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు నార్త్ బెండ్‌లో రోడ్డు పక్కన మేసే ఎల్క్ మందలు కొత్త కాదు. స్కూల్లో స్నేహితుడు వాళ్ళ తాతతో వేటకు వెళ్ళొచ్చాడని విని, మన పిల్లలు కూడా అడగడం మొదలుపెడతారు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరం కాబట్టి, మనలో చాలామందికి ఇంట్లో నేర్పే పెద్దవాళ్ళు లేరు. ఇక్కడేమో మందల లెక్క చూసి, ఏ యూనిట్‌లో (వేట కోసం విడగొట్టిన ప్రాంతంలో) ఎన్ని తీయొచ్చో రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖే ఏటా నిర్ణయిస్తుంది. నియమాలు ఏటా మారతాయి. కింద చెప్పినవన్నీ ఆ ఏడాది రెగ్యులేషన్ పాంప్లెట్‌తో సరిచూసుకోవాలి.

1. ముందు వీసా సంగతి తేల్చుకోండి

దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. స్థానిక వేటగాళ్ళు రాసే గైడ్లలో ఇది ఉండదు, ఎందుకంటే వాళ్ళకు ఆ అవసరం రాదు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. అయితే అమెరికాలో చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. అది చూసి చాలామంది సరిపోయిందనుకుంటారు. కానీ వాషింగ్టన్ రాష్ట్రానికి వేరే చట్టం ఉంది: ఇక్కడ నివసించే నాన్-ఇమ్మిగ్రెంట్లు తుపాకీ పట్టుకోవాలంటే తమ కౌంటీ షెరీఫ్ దగ్గర ఏలియన్ ఫైర్‌ఆర్మ్ లైసెన్స్ తీసుకోవాలి. అది 18 నిండినవాళ్ళకే. అది లేకుండా దొరికితే ఫెలొనీ, అంటే తీవ్ర నేరం కింద కేసు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు.

మన ఇళ్ళల్లో మామూలుగా కనిపించే పరిస్థితి ఇది: పిల్లాడు ఇక్కడే పుట్టిన పౌరుడు, నాన్న హెచ్-1బీ మీద. కొండ మీద పిల్లాడి చేతిలోంచి రైఫిల్ అందుకోవాల్సిన సందర్భాలు రోజుకు ఎన్నోసార్లు వస్తాయి: కంచె దాటేటప్పుడు, వాగు దాటేటప్పుడు, పిల్లాడు షూ లేసు కట్టుకునేటప్పుడు. అంటే నాన్న తుపాకీ ముట్టుకోకుండా ఈ వేట జరగదు. కాబట్టి మీ కాగితాలు సరిగ్గా ఉండాలి, లేదంటే పౌరుడో గ్రీన్ కార్డ్ ఉన్నవాడో అయిన అనుభవజ్ఞుడైన స్నేహితుడు వెంట ఉండి రైఫిల్ బాధ్యత ఆయన తీసుకోవాలి. ఏ దారిలో వెళ్ళినా ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇంకో సంగతి. 2024 జనవరి నుంచి వాషింగ్టన్‌లో ఏ తుపాకీ కొనాలన్నా గత ఐదేళ్ళలో భద్రతా శిక్షణ పూర్తిచేసిన రుజువు చూపాలి, కొన్నాక 10 పనిదినాలు ఆగాలి. అక్టోబర్ ఆఖరున కొంటే సీజన్‌కు చేతికి రాకపోవచ్చు. వచ్చినా సాధన చేసే టైమ్ ఉండదు.

2. హంటర్ ఎడ్యుకేషన్, లైసెన్స్, పర్మిట్

1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు ఎవరైనా సరే, లైసెన్స్ కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి. పాఠాలు ఆన్‌లైన్‌లో చదివి, తర్వాత ప్రత్యక్ష పరీక్షకు వెళ్ళడం మామూలు పద్ధతి. ఆ ప్రత్యక్ష పరీక్ష సీట్లు వేసవి దగ్గరపడేకొద్దీ త్వరగా నిండిపోతాయి, కాబట్టి చలికాలంలోనే బుక్ చేయండి. పిల్లాడితో పాటు మీరూ చేయండి. ఒకే పాఠం ఇద్దరికీ వచ్చి ఉంటే కొండ మీద వాదనలు తగ్గుతాయి.

ఎల్క్ ట్యాగ్ (ఒక ఎల్క్‌ను వేటాడే అనుమతి చీటీ) కొనేటప్పుడు తూర్పు, పడమర రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. పడమటి వైపు మామూలు రైఫిల్ వేటకైతే ఆ ట్యాగ్ మీద డబ్ల్యూఎఫ్ అని ఉంటుంది. మీరు అడిగే పర్మిట్ ఏ వైపుదో ట్యాగ్ కూడా ఆ వైపుదే కావాలి. ఇది తప్పితే లాటరీలో పేరు వచ్చినా ఉపయోగం ఉండదు.

గేటు వెనక ప్రాంతాలకు చాలావరకు స్పెషల్ పర్మిట్ లాటరీయే దారి. దరఖాస్తు గడువు సాధారణంగా మే నెలలో ఉంటుంది, ఫలితాలు జూన్‌లో వస్తాయి. 16 ఏళ్ళలోపు వాళ్ళకు ప్రత్యేకంగా యూత్ వర్గం ఉంది. పేరు రాని ఏడాదికి ఒక పాయింట్ చేరుతుంది, ఆ పాయింట్లకు వర్గం కట్టి లాటరీలో అన్నిసార్లు పేరు వేస్తారు: 3 పాయింట్లుంటే 9 సార్లు, 5 ఉంటే 25 సార్లు. అందుకే పదేళ్ళ వయసులో దరఖాస్తు మొదలుపెట్టినవాళ్ళకూ, పదిహేనులో మొదలుపెట్టినవాళ్ళకూ అవకాశంలో చాలా తేడా ఉంటుంది. పిల్లాడు ఇంకా సిద్ధంగా లేడనిపించినా పాయింట్ల కోసం దరఖాస్తు మొదలుపెట్టడమే మంచిది.

నా సలహా, కొమ్ములు లేని ఎల్క్ పర్మిట్ అడగండి. మొదటి వేటలో మగ ఎల్క్ ఆశ పెట్టుకుంటే ఆ కొమ్ముల మీద మోజు పిల్లాడి కంటే నాన్నకే ఎక్కువవుతుంది. తర్వాత ఒక్కో నిర్ణయం దాని వెంటే పోతుంది.

3. ఆ గేటు ఎవరిది?

"రిస్ట్రిక్టెడ్" (ప్రవేశం పరిమితం) అన్న మాట కింద నాలుగు రకాల నేలలు కలిసిపోయి ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి.

మొదటిది, నగరాలకు తాగునీరిచ్చే పరీవాహక ప్రాంతాలు. టకోమా నగరానికి నీళ్ళొచ్చే గ్రీన్ రివర్ పరీవాహకం, అంటే వేట యూనిట్ 485, దీనికి మంచి ఉదాహరణ. హోవర్డ్ హాన్సన్ డ్యామ్ పైనున్న ఆ లోయలోకి మామూలు జనాన్ని రానివ్వరు. పర్మిట్ వచ్చిన కొద్దిమందే వేటకు వెళ్తారు. పక్కనే ఉన్న సీటెల్ వాళ్ళ సీడర్ రివర్ పరీవాహకంలోకైతే వేటకు దారే లేదు. రెండు లోయలూ మ్యాప్ మీద ఒకేలా పచ్చగా కనిపిస్తాయి, కాబట్టి రంగు చూసి నమ్మకండి.

రెండోది, ప్రైవేట్ కలప కంపెనీల అడవులు. వేయర్‌హౌజర్ లాంటి కంపెనీలు వాషింగ్టన్, ఆరెగాన్‌లలో డబ్బుకు యాక్సెస్ పర్మిట్లు అమ్ముతాయి. కొన్నింటితో బండి తీసుకెళ్ళొచ్చు, కొన్నింటితో నడిచి మాత్రమే. రాష్ట్రం ఇచ్చే వేట పర్మిట్ ఉంటే ఈ కంపెనీ పర్మిట్ ఉన్నట్టు కాదు, ఇది ఉంటే అది ఉన్నట్టూ కాదు. రెండూ విడివిడిగా కావాలి.

మూడోది, ప్రభుత్వ నేలే కానీ బండ్లు నిషేధం. తూర్పు వైపు యాకిమా, కిటిటాస్ ప్రాంతాల్లో ఆకుపచ్చ చుక్క ఉన్న రోడ్ల మీదే బండి నడపాలి. చుక్క లేకపోతే రోడ్డు ఎంత బాగున్నా నడకే. నాలుగోది వైల్డర్‌నెస్, అంటే సహజ స్థితిలోనే ఉంచాలని చట్టం కాపాడే అడవి. అక్కడ మోటారే కాదు, సైకిల్ కూడా కుదరదు.

ఇక కాస్కేడ్స్‌లో ఒక చదరపు మైలు ప్రభుత్వానిది, పక్కది కంపెనీది అన్నట్టు చదరంగం బల్లలా గళ్ళు కనిపిస్తాయి. 1864లో నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు ఇచ్చిన భూముల వారసత్వం అది. ఒక గడి మూల నుంచి ఇంకో ప్రభుత్వ గడి మూలకు అడుగు వేసి దాటడం తప్పు కాదని 2025లో పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు తీర్పిచ్చింది. అది వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ కేసు. స్నేహితులు దాన్ని చూపించి ధైర్యం చెబుతారు. కానీ ఆ కోర్టు పరిధి వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సస్, ఓక్లహోమా వరకే. వాషింగ్టన్ అందులో లేదు. పిల్లాడిని వెంటబెట్టుకుని ఆ వాదన పరీక్షించకండి.

గేటు ఎవరిదో తెలిశాక ఫోన్ చేసి ఇవి అడగండి. జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి:

పిల్లాడితో ఎంతమంది లోపలికి రావచ్చు? వాళ్ళ పేర్లు ముందే ఇవ్వాలా? వేట ముగిశాక మాంసం మోయడానికి ఇంకో ఇద్దరు రావచ్చా? గేటు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు? రాత్రి లోపల ఉండొచ్చా? సైకిల్, ఈ-బైక్, మాంసం తేవడానికి చేతితో తోసే గేమ్ కార్ట్ ఒప్పుకుంటారా? ముందుగా వెళ్ళి చూసుకునే రోజు ఉందా? తుపాకీ లేకుండానా?

వీటిలో మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ కొడితే వచ్చి మోసే స్నేహితులు నలుగురున్నా, వాళ్ళ పేర్లు జాబితాలో లేకపోతే గేటు దగ్గరే ఆగిపోతారు. ప్లాన్ మొత్తం ఆ ఒక్క జవాబు మీద మారిపోతుంది.

4. మ్యాప్ మీద ఎర్ర గీత

ఇక్కడ ఒక సాయంత్రం పూర్తిగా పెట్టండి. కాల్‌టోపో లేదా ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ తెరిచి, ముందు లోపలున్న రోడ్లన్నీ గుర్తించండి. వాడకంలో లేని పాత లాగింగ్ రోడ్లు కూడా. తర్వాత వాలు రంగులు ఆన్ చేయండి. కాగితం మీద చూడాలంటే 1:24,000 మ్యాప్‌లో 40 అడుగుల కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఒక మిల్లీమీటరు కూడా ఖాళీ లేదంటే ఆ వాలు దాదాపు 30 డిగ్రీలు, లేదా ఇంకా ఎక్కువ. తడి ఫెర్న్‌లు, నాచు పట్టిన దుంగల మధ్య అలాంటి వాలు మీద పెద్దవాళ్ళే చెట్లు పట్టుకుని దిగాలి. పిల్లలతో అక్కడికి వెళ్ళే పని లేదు.

ఇప్పుడు లెక్క. వీపు మీద 20 నుంచి 25 కిలోల మాంసంతో ఒక పెద్దవాడు వాలు మీద నడవగలడు. 75 కిలోలంటే అలాంటి నడకలు మూడు, నాలుగు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఒక్కొక్కరు రెండుసార్లు. ఎల్క్ పడిన చోటు రోడ్డుకు ఒక కిలోమీటరు దూరంలో, వాలుకు పై వైపున ఉంటే, మాంసం కిందికి దిగుతుంది, సాయంత్రానికి పని అవుతుంది. అదే చోటు రోడ్డుకు 200 మీటర్ల లోతులో కింద ఉంటే ప్రతి నడకా బరువుతో ఎక్కడమే. చీకటి పడుతుంది, గేటు మూస్తారు, పిల్లాడు వానలో కూర్చుని ఎదురుచూస్తాడు.

అందుకే నా నియమం ఒకటే: రోడ్డుకు పైన వేట, రోడ్డుకు కింద బైనాక్యులర్ మాత్రమే. ప్రతి రోడ్డు కింది అంచు వెంట ఒక ఎర్ర గీత గీయండి. దాని కిందున్న ఎల్క్ మీది కాదు, ఎంత దగ్గరగా నిలబడ్డా సరే. వాగుకు అవతలి గట్టున కనిపించేదీ అంతే. గీత గీసేటప్పుడు పెన్సిల్ పిల్లాడి చేతికివ్వండి. "ఇక్కడ పడితే ఎలా తెస్తాం నాన్నా?" అని వాడే అడిగితే, కొండ మీద "వద్దు" అని మీరు చెప్పాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

మిగిలిన ఆకుపచ్చ భాగంలో ఎల్క్ కోసం వెతకండి. ఐదు పదేళ్ళ క్రితం చెట్లు నరికిన చోట్ల గడ్డి, పొదలు బాగా ఉంటాయి. అవి ఎల్క్ మేసే చోట్లు. వాటికి పక్కనే ముదురు అడవిలో, నిటారు వాలు మధ్య హఠాత్తుగా కాంటూర్ గీతలు విడిపోయి చిన్న చదును కనిపిస్తే, పగలు మంద పడుకునేది అలాంటి చోటే. మేతకూ పడకకూ మధ్య దారి మీద, రోడ్డుకు పైన, మూడు చోట్లు ఎంచుకోండి. ఒక్కటి పెట్టుకుంటే, గాలి తిరిగి మన వాసన మంద వైపు పోయే రోజు చేతులు కట్టుకు కూర్చోవాలి.

5. రైఫిల్ ఒక్కటే, అది పిల్లాడిదే

వాషింగ్టన్‌లో ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్ (తూటా వ్యాసం అంగుళాల్లో) సెంటర్‌ఫైర్ రైఫిల్ కావాలి. .243 విన్‌చెస్టర్ చట్టప్రకారం సరిపోతుంది కానీ గురి కాస్త తప్పితే క్షమించదు. 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 రెండూ పిల్లలకు మంచి మధ్యేమార్గం. వెనక్కి తన్నే దెబ్బ భరించగలిగేలా ఉంటుంది, ఎల్క్‌కు చాలినంత బలమూ ఉంటుంది. రాగి తూటాలు వాడితే మాంసంలో సీసం ముక్కలు చేరవు. తినేది ఇంట్లో పిల్లలే కాబట్టి నేను అటే మొగ్గుతాను.

క్యాలిబర్ కంటే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు ముఖ్యం. పెద్దవాళ్ళ స్టాక్ దాదాపు 13.5 అంగుళాలుంటుంది. దాన్ని పిల్లాడి భుజానికి పెడితే మెడ సాగదీసి స్కోప్ కోసం వెతుకుతాడు. పొట్టి స్టాక్, లేదా ముక్కలు కలిపి పొడవు పెంచుకునే స్టాక్ తీసుకోండి. చలికాలపు జాకెట్ వేసుకునే కొలవండి. టీషర్ట్ మీద సరిపోయింది జాకెట్ మీద పొడవైపోతుంది.

సాధనలో ఎక్కువ భాగం .22 చిన్న రైఫిల్‌తో, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడంతో జరగాలి. పెద్ద రైఫిల్‌తో ఒక పూట పది తూటాలు చాలు. అంతకు మించితే పిల్లలు దెబ్బకు ముందే కళ్ళు మూయడం నేర్చుకుంటారు, ఆ అలవాటు పోగొట్టడం చాలా కష్టం. బెంచ్ మీద కూర్చుని కాల్చడం రైఫిల్ సరిచూడటానికే. మిగతాదంతా నేల మీద కూర్చుని, మోకాలి మీద, షూటింగ్ స్టిక్స్ మీద. చెవులకు రక్షణ రేంజ్‌లోనే కాదు, కొండ మీదా ఉండాలి. చిన్న శబ్దాలు వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లైతే గుసగుసలు వినిపిస్తాయి.

దూరం హద్దు కాగితపు పళ్ళెంతో తేల్చండి. పరుగెత్తి వచ్చి, కూర్చుని, 30 సెకన్లలోపు ఐదు తూటాల్లో ఐదూ ఆ పళ్ళెంలో పెట్టగలిగినంత దూరమే వాడి హద్దు. చాలామంది పిల్లలకు అది 100, 150 గజాల దగ్గర ఆగుతుంది. అదేమీ చిన్నతనం కాదు.

వాలు మీద ఇంకో లెక్క ఉంది. తూటా కిందికి పడటం నేల మీద కొలిచిన అడ్డ దూరాన్ని బట్టి ఉంటుంది. 35 డిగ్రీల వాలులో 200 గజాలు కనిపిస్తే, గురికి లెక్కలోకి వచ్చేది దాదాపు 164 గజాలే. ఈ లెక్క చేసిపెట్టే రేంజ్‌ఫైండర్లు ఉన్నాయి. పిల్లాడి హద్దు 150 గజాల లోపే అయితే ఈ తేడా చిన్నది. అంతకంటే పెద్ద సమస్య తూటా లోపల వెళ్ళే దారి. పైనుంచి కిందికి కాల్చేటప్పుడు, మామూలుగా పెట్టే చోటే గురి పెడితే తూటా గుండె కిందుగా బయటికి పోతుంది. కొంచెం పైన పెట్టి, అవతలి పక్క ఎక్కడ బయటికి రావాలో ఊహించి కాల్చాలి. ఒక అట్టపెట్టెలో బెలూన్ పెట్టి, మేడ మెట్ల పై నుంచి చూపిస్తే పిల్లలకు ఇది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

రెండో రైఫిల్ ఇంట్లో వదిలేయండి. ఒకరి ట్యాగ్ మీద ఇంకొకరు కాల్చడం ఈ రాష్ట్రంలో నేరం. అది సరే, మీ చేతిలోనూ రైఫిల్ ఉంటే మీ కళ్ళు ఎల్క్ మీదే ఉంటాయి. ఆ రోజు మీరు చూడాల్సింది పిల్లాడి వేలు ఎక్కడుందో, గొట్టం ఎటుందో.

6. ఒళ్ళు, చలి, తిండి

ఆగస్టు నుంచి వారానికొకసారి కొండ ఎక్కించండి, మెల్లగా వాలు పెంచుతూ. సంచిలో నీళ్ళ బాటిళ్ళు పెట్టండి, శరీర బరువులో 10 నుంచి 15 శాతం దాటకుండా. దారి ఉన్న ట్రెయిల్ మీద నడిచే పిల్లాడు, దారి లేని తడి వాలు మీద సగం వేగంతో నడుస్తాడని లెక్కేసుకోండి.

నవంబర్‌లో ఇక్కడ మంచు కంటే వాన ప్రమాదం. సున్నాకు కాస్త పైన, రోజంతా సన్నగా పడే వానలో కాటన్ జీన్స్ వేసుకున్న పిల్లాడు నిలబడితే గంటలో వణుకుతాడు. ఒంటికి ఉన్ని లేదా సింథటిక్, పైన నిజంగా నీళ్ళాపే జాకెట్. ఎక్కేటప్పుడు ఒక పొర తీసేయించి, ఆగిన వెంటనే వేయించాలి. వణుకు ఆగి మాట ముద్దగా వస్తున్నా, జిప్ వేసుకోలేకపోతున్నా వేట అక్కడితో అయిపోయినట్టే. బండి దగ్గరికి నడవండి.

ఆరెంజ్ లేదా పింక్ ఫ్లోరసెంట్ బట్ట నడుము పైన 400 చదరపు అంగుళాలు, అన్ని వైపుల నుంచీ కనిపించేలా ఉండాలి. టోపీ ఒక్కటే చాలదు. మీరు వేటాడకపోయినా వేసుకోండి.

తిండికి పులిహోర నిక్షేపంలా పనిచేస్తుంది. చల్లగా తిన్నా బాగుంటుంది, వానలో గబగబా రెండు ముద్దలు పెట్టేయొచ్చు. ఫ్లాస్క్‌లో వేడి చాక్లెట్. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ మెసెంజర్ తప్పనిసరి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి.

ఇంట్లో ఒక సంభాషణ కూడా జరగాలి. అమ్మమ్మ తాతయ్యలు ఇండియా నుంచి వచ్చి ఉంటే, వాళ్ళు శాకాహారులైతే, ఫ్రీజర్ ఏది, ఏ గిన్నెలు అన్నది ముందే తేల్చుకోండి. పిల్లాడితోనూ విడిగా మాట్లాడండి. ఆఖరి క్షణంలో వద్దనుకుంటే కాల్చక్కర్లేదని, దానికి ఎవరూ ఏమీ అనరని స్పష్టంగా చెప్పండి. పర్మిట్ కోసం ఏళ్ళు ఎదురుచూశామన్న మాట ఆ వారం ఎత్తకండి.

7. ఆ రోజు

కాల్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు. నవంబర్ మొదట్లో గడియారం వెనక్కి తిప్పాక, సాయంత్రం 5 కాకముందే సూర్యుడు దిగిపోతాడు. గేటు సమయం, మోత సమయం కలిపి వెనక్కి లెక్కేస్తే, పిల్లలతో మధ్యాహ్నం 1 దాటాక ట్రిగ్గర్ నొక్కకపోవడం మేలు. రాత్రి లోపల ఉండనిచ్చే చోట దీన్ని కాస్త సడలించుకోవచ్చు.

బండిలో ఉన్నంతసేపూ రైఫిల్ ఛాంబర్‌లోనూ (పేల్చే తూటా కూర్చునే చోటు) మ్యాగజైన్‌లోనూ తూటా ఉండకూడదు, అది చట్టం. నడిచేటప్పుడు కూడా పిల్లాడి రైఫిల్ ఛాంబర్ ఖాళీగానే ఉంచండి. కూర్చున్నాక, ఎల్క్ కనిపించాక, మీరు చెప్పాకే తూటా ఎక్కాలి.

గాలి సంగతి ఇలా ఉంటుంది. తెల్లవారుజామున చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండ తగిలాక పైకి తిరుగుతుంది. సాయంత్రం మళ్ళీ కిందికి. కాబట్టి చీకట్లోనే రోడ్డు మీద నుంచి పక్కగా వెళ్ళి, మంద మేసే చోటుకు కాస్త కిందుగా కూర్చోండి. గాలి పైకి తిరిగే సమయానికి పైకి వెళ్ళి ఉండాలి. మబ్బు పట్టిన రోజున ఈ తిరుగుడు ఆలస్యంగా, గజిబిజిగా ఉంటుంది. చిన్న సీసాలో పౌడర్ పెట్టుకుని పిల్లాడితో ఊదించండి. వాడికి పని ఉంటుంది, మీకు సమాచారం ఉంటుంది.

ఎల్క్ కనిపించాక తొందరపడకండి. మందలో చెవుల మధ్య దాక్కున్న చిన్న కొమ్ములున్న కుర్ర మగవి ఉంటాయి. పర్మిట్ కొమ్ములు లేని దానికైతే, తల మొత్తం కనిపించేదాకా ఆగాలి. వెనక ఇంకో ఎల్క్ ఉందా? తూటా ఒకదాని గుండా వెళ్ళి రెండోదానికి తగలొచ్చు. వెనక మట్టి గట్టు ఉందా, ఆకాశం ఉందా? ఎర్ర గీతకు పైనే ఉందా? ఈ నాలుగూ పిల్లాడు గుసగుసగా పైకి చెప్పాలి. ఏ ఒక్కదానికి జవాబు చెప్పలేకపోయినా మీరు సేఫ్టీ వేయించాలి. పక్కకు తిరిగి నిలబడిన ఎల్క్ తప్ప వేరే ఏ భంగిమలోనూ పిల్లలు కాల్చకూడదన్నది నా అభిప్రాయం.

8. తూటా పేలాక

వెంటనే తూటా మార్చించండి, గురి దాని మీదే ఉంచమనండి. నిలబడి ఉంటే మళ్ళీ కాల్చాలి. పరుగెత్తి కనుమరుగైతే, ఆఖరుసారి కనిపించిన చెట్టును ఫోన్‌లో ఫోటో తీసి, అరగంట కూర్చోండి. తరిమితే అది వాలు కిందికే పోతుంది.

ఎల్క్ పడి ఉన్న చోటికి పైనుంచి, వెనక వైపు నుంచి వెళ్ళండి. రైఫిల్ ఖాళీ చేసి పక్కన పెట్టాక ట్యాగ్ పని ముందు పూర్తిచేయండి. తర్వాత, కత్తి తీయకముందే, తాడు. గట్టి తాడుతో ఎల్క్ మెడనో ముందు కాలినో పైనున్న చెట్టు మొదలుకు కట్టండి. వాలు మీద ఒక కాలు విడదీయగానే బరువు మారిపోయి మొత్తం కళేబరం జారుతుంది. కింద కూర్చున్న పిల్లాడి మీదికి జారితే ప్రాణాపాయం. పిల్లాడు ఎప్పుడూ పై వైపే ఉండాలి. కాలు పట్టుకోవడం, సంచి తెరిచి ఉంచడం, టార్చ్ చూపించడం వాడి పని. మొదటిసారి కత్తి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి.

పొట్ట తెరవకుండానే మాంసం తీసే పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. పైనున్న పక్కన వీపు వెంట చర్మం కోసి కిందికి ఒలిచి, జబ్బ, తొడ, వెన్ను పక్క మాంసం తీసి, తిప్పి రెండో పక్క అదే చేయడం. తిప్పేటప్పుడు తాడు సరిచూసుకోండి. ఆడదా మగదా అని చూపే భాగం ఏదో ఒక పెద్ద ముక్కకు సహజంగా అతుక్కునే ఉండాలి, దాన్ని కోసేస్తే కేసు. మాంసాన్ని గాలాడే బట్ట సంచుల్లో వేసి, మిగిలిన కళేబరానికి దూరంగా నీడలో చెట్టుకు వేలాడదీయండి. ఈ కొండల్లో నల్ల ఎలుగులు, కౌగర్‌లు (కొండ సింహాలు) ఉన్నాయి. రెండో నడకకు తిరిగి వచ్చేటప్పుడు దూరం నుంచే మాట్లాడుకుంటూ రండి. ప్లాస్టిక్ సంచులు వాడితే వేడి లోపలే ఉండిపోయి మాంసం పాడవుతుంది.

మొదటి నడకలో పిల్లాడు వెన్ను పక్క మాంసం ఒక ముక్క మోస్తే చాలు. వాడిని బండి దగ్గర ఒంటరిగా వదలకండి. జాబితాలో మూడో మనిషి ఉంటే ఈ పనికే.

పడమటి వాషింగ్టన్‌లో ఎల్క్‌లకు ట్రెపొనీమ్ బాక్టీరియాతో గిట్టల జబ్బు ఉంది. అది వ్యాపించకుండా చాలా యూనిట్లలో గిట్టలు కోసి అక్కడే వదిలేయాలన్న నియమం ఉంది. మాంసం ఆ జబ్బు వల్ల పాడవదు. కానీ గిట్టలు వంకరగా, పుండ్లుగా కనిపిస్తే ఫోటో తీసి శాఖకు తెలియజేయండి.

ఇంటికొచ్చాక మాంసాన్ని ఫ్రిజ్ చలిలో కొద్దిరోజులు ఉంచి తర్వాత కోసుకుంటే మెత్తబడుతుంది. కొవ్వు తక్కువ, కాబట్టి మటన్‌లా కూరకు నూనె సొంతంగా రాదు. జబ్బ, మెడ మాంసం కుక్కర్‌లో గోంగూరతో, తొడ కీమాకు. ఇరుగుపొరుగుకు పంచొచ్చు, అమ్మకూడదు.

ఎల్క్ దొరికినా దొరకకపోయినా జనవరి 31 లోపు శాఖకు హంటర్ రిపోర్ట్ పంపాలి. మరిచిపోతే మరుసటి ఏడాది లైసెన్స్ కొనేటప్పుడు 10 డాలర్ల జరిమానా కట్టాలి. రిపోర్ట్ పిల్లాడి పేరు మీద ఉంటుంది, వాడి చేతే నింపించండి.